బెంగ, అలక, చీకటి: ఒక కుక్క కేసు పూర్తి వివరం

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఇందులో నేను చేసిన తప్పు. నేను పశువైద్యుడిని. కొన్నేళ్ళుగా ఎక్కువగా పెంపుడు కుక్కల, పిల్లుల ప్రవర్తన సమస్యలే చూస్తున్నాను. జంతువులకు మనలాగే భావోద్వేగాలు ఉంటాయా అని నన్ను తరచూ అడుగుతుంటారు. ఉంటాయనే నేను నమ్ముతాను. ఆ నమ్మకం వల్లనే ఒక కుక్క నా సలహాతో రెండు వారాలు అదనంగా కష్టపడింది. దాన్ని పెంచుకుంటున్నామె అనుమతితో ఇది రాస్తున్నాను. కుక్కల పేర్లు మార్చాను.

ఆమె చెప్పింది

చిన్నా ఎనిమిదేళ్ళ మగ కాకర్ స్పానియల్. రెండు నెలల పిల్లగా ఆ ఇంటికి వచ్చేసరికే అక్కడ రాణి ఉంది. రాణి మిశ్రమ జాతి ఆడ కుక్క, వాడికంటే నాలుగేళ్ళు పెద్దది. పన్నెండేళ్ళ వయసులో దాని ప్లీహంలో గడ్డ పగిలి కడుపులో రక్తస్రావమైంది. కోలుకునే ఆశ లేదని వైద్యులు చెప్పాక ఆమె ఒప్పుకున్నారు. రాణికి ఆ రాత్రే నొప్పి లేకుండా ప్రాణం పోయేలా మందు ఇచ్చారు. చిన్నా ఆ సమయంలో ఇంట్లోనే ఉన్నాడు. వాడికి తెలిసినంతవరకు రాణి గుమ్మం దాటి వెళ్ళింది, తిరిగి రాలేదు.

ఆమె పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని. ఒంటరిగా ఉంటారు. రాణి పోయిన నాలుగో వారంలో చిన్నాను తీసుకుని నా దగ్గరికి వచ్చారు.

"వాడు బెంగ పెట్టుకున్నాడు డాక్టర్ గారూ. అది నాకు అర్థమవుతుంది, నాకూ బెంగగానే ఉంది. కానీ వాడు నా మీద అలిగాడు. రాణిని తీసుకెళ్ళింది నేను, ఒక్కదాన్నే తిరిగి వచ్చిందీ నేనే. వాడు అది మరచిపోలేదు" అన్నారు.

అలక అంటే ఏమిటో చెప్పమన్నాను. దగ్గరికి వెళితే పక్కకు తప్పుకుంటున్నాడు. రెండుసార్లు గుర్రుమన్నాడు. పిలిస్తే వెంటనే రాడు. కొంతసేపు నిలబడి, నేల వాసన చూసుకుంటూ వస్తాడు. రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడం మానేసి ఇంట్లోనే మూత్రం పోస్తున్నాడు. పొద్దుగూకగానే సన్నగా మూలుగుతూ గోడ పక్కన చేరతాడు. తిండి సగానికి తగ్గింది. రాణి ఉన్నప్పుడు 14.2 కిలోలున్న వాడు ఆ రోజు 12.9 కిలోలు తూగాడు.

ఆమె మాటల్లో నన్ను ఎక్కువ కదిలించింది "నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను" అన్నది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నేను వాడిని పరీక్షించకముందే ఆ మాట నా మనసులో కేసును తేల్చేసింది.

మొదటి పరీక్ష

పరీక్ష చేయకుండా వదిలేశానని కాదు. బరువు తగ్గిన, నీరసంగా ఉన్న, ఇంట్లో మూత్రం పోస్తున్న ఎనిమిదేళ్ళ కుక్క విషయంలో మనసు గురించి ఆలోచించే ముందు శరీరాన్ని చూడాలి. మూత్రపిండాలు, కాలేయం, రక్తంలో చక్కెర, థైరాయిడ్, మూత్ర పరీక్ష అన్నీ చేయించాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. నోరు, పళ్ళు చూశాను. కీళ్ళు వంచి చూశాను. నొప్పి ఉన్న కుక్క గుర్రుమంటుంది, తప్పుకుంటుంది, తిండి తగ్గిస్తుంది. ప్రవర్తన సమస్య అని తెచ్చిన కుక్కల్లో చాలా వాటికి అసలు కారణం నొప్పే. చిన్నాకు నొప్పి జాడ కనబడలేదు.

కళ్ళు కూడా చూశాను, పైపైన. నా గదిలో వెలుతురు ఎక్కువ. వాడు టేబుల్ మీద ఉన్నాడు, నా వైపు తల తిప్పాడు, ముఖం ముందు చేయి ఆడిస్తే రెప్ప వేశాడు. అంతటితో ఆపాను.

కేసు పత్రంలో "సహచరి మరణం తరువాత ప్రవర్తనలో మార్పు" అని రాశాను. ఆధారం లేకుండా రాసిన మాట కాదది. ఇటలీలో పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఉన్న రెండు మూడు కుక్కల్లో ఒకటి చనిపోయిన 426 మందిని ప్రశ్నించారు. మిగిలిన కుక్క ప్రవర్తనలో మార్పు వచ్చిందని 86 శాతం మంది చెప్పారు. తిండి తగ్గడం, ఆట తగ్గడం, ఎక్కువసేపు నిద్రపోవడం, మూలగడం, భయపడటం, మనిషి దగ్గరే ఉండాలనుకోవడం. రెండు కుక్కలూ ఎన్నేళ్ళు కలిసి ఉన్నాయన్న దానికంటే వాటి మధ్య ఎంత సఖ్యత ఉందన్నదే ఎక్కువ లెక్కలోకి వచ్చింది. చిన్నా లక్షణాలు ఈ పట్టికతో సరిగ్గా కలిశాయి. ఒక్కటి తప్ప: ఆ కుక్కలు మనిషి దగ్గరికి చేరుతున్నాయి, చిన్నా దూరంగా జరుగుతున్నాడు. ఆ తేడా నేను గమనించాను. ఆమె చెప్పిన "అలక"తో దాన్ని సర్దుకున్నాను.

ఇలాంటి దిగులుకు నేను సాధారణంగా ఇచ్చే సలహానే ఇచ్చాను. రోజూ ఒకే దారిలో కాకుండా కొత్త దారుల్లో తిప్పండి. ఇంట్లో కొత్త వస్తువులు, కొత్త వాసనలు పెట్టండి. తిండి గిన్నెను అప్పుడప్పుడు వేరే చోట పెట్టి వెతుక్కోనివ్వండి. మనసు మళ్ళుతుంది. ఆమె అప్పటికే రాణి పడక తీసేశారు. అది కళ్ళబడితే తట్టుకోలేక ముందు గదిలో కుర్చీలు, బల్ల కూడా జరిపేశారు. మంచిదే అన్నాను.

చూపు తగ్గుతున్న కుక్కకు ఇంతకంటే హాని చేసే సలహా వెతికినా దొరకదు.

సంధ్యవేళ

రెండు వారాల తరువాత ఆమె చేతికి కట్టుతో వచ్చారు. నిద్రపోతున్న చిన్నాను తట్టి లేపబోతే పళ్ళతో గీశాడు. లోతైన గాయం కాదు. కానీ ఆమె ముఖంలో అంతకు మునుపు లేని ఓటమి కనిపించింది. "నన్ను చూస్తే వాడికి అసహ్యం వేస్తోంది. వాడిని ఎవరికైనా ఇచ్చేస్తే సుఖపడతాడా?" అని అడిగారు.

అప్పటికి సాయంత్రమైంది. లోపల ఇంకో కుక్క ఉండటంతో వాళ్ళను వరండాలో కూర్చోబెట్టాను. అక్కడ దీపం ఇంకా వేయలేదు. తలుపు తీసి "చిన్నా" అని పిలిచాను. వాడు లేచాడు, చెవులు నా వైపు తిరిగాయి, తోక కదిలింది. రెండడుగులు వేసి, తన ముందున్న కుర్చీ కాలికి ముఖం కొట్టుకున్నాడు. ఆగాడు. ముక్కు నేలకు ఆనించి, కుర్చీ చుట్టూ తిరిగి, ముందు కాలు కాస్త ఎత్తి ఎత్తి వేస్తూ వచ్చాడు. ఆ నడక నాకు కొత్త కాదు.

ఈసారి గదిలో దీపం తగ్గించి మొదటి నుంచి చూశాను. మసక వెలుతురులో కంటిపాపలు బాగా విప్పారి ఉన్నాయి; టార్చి వేస్తే నెమ్మదిగా, అరకొరగా ముడుచుకున్నాయి. చేయి ఆడించే పరీక్షలో గాలి తగలకుండా జాగ్రత్తపడితే ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. మొదటిసారి వేసిన రెప్ప కొంత మిగిలిన పగటి చూపు వల్ల కావచ్చు, నా చేతి గాలి తగలడం వల్ల కావచ్చు. చప్పుడు చేయని దూది ఉండలు కళ్ళముందు వదిలితే చూపు వాటి వెంట పోలేదు. గదిలో నాలుగు డబ్బాలు అడ్డంగా పెట్టి ఆమె వైపు నడిపించాను. పూర్తి వెలుతురులో ఒక డబ్బాకే తగిలాడు. దీపం తగ్గించాక నాలుగింటికీ తగిలి, చివరికి నిలబడిపోయాడు.

కంటి లోపలి భాగాన్ని చూపే ఆఫ్తాల్మోస్కోప్‌తో చూస్తే సందేహం మిగలలేదు. కుక్కల కంటి వెనుక టపీటమ్ అనే పొర ఉంటుంది. రాత్రి వాటి కళ్ళు మెరిసేది దానివల్లే. దాని ముందున్న, వెలుతురును గ్రహించే రెటీనా పొర పలచబడితే ఆ మెరుపు మామూలుకంటే ఎక్కువవుతుంది. చిన్నాకు రెండు కళ్ళలోనూ అద్దంలా మెరిసింది. రెటీనా రక్తనాళాలు సన్నని దారాల్లా మిగిలాయి. రక్తపోటు మామూలుగా ఉంది కాబట్టి దానివల్ల రెటీనా ఊడటం కాదు. సార్డ్స్ అనే వ్యాధిలో కుక్కకు కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో చూపు పోతుంది. రాణి మరణంతో పాటే ఇదంతా మొదలైందని ఆమె చెప్పారు కాబట్టి ముందు దాన్నే అనుమానించాను. అయితే సార్డ్స్‌లో తొలి రోజుల్లో కంటి వెనుక భాగం మామూలుగానే కనిపిస్తుంది. చిన్నా కళ్ళలో చూసింది చాలా కాలంగా సాగుతున్న నష్టం. కంటి నిపుణుల దగ్గర తీయించిన ఎలక్ట్రోరెటినోగ్రామ్‌లో రెటీనా స్పందన బాగా తగ్గి ఉంది. జన్యు పరీక్షలో పీఆర్‌సీడీ అనే జన్యు లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినట్టు తేలింది. ప్రోగ్రెసివ్ రెటీనల్ అట్రోఫీ, అంటే రెటీనా క్రమంగా క్షీణించే వ్యాధి. కాకర్ స్పానియల్, లాబ్రడార్, పూడిల్ వంటి జాతుల్లో తెలిసిన వ్యాధే. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ముందు పోతాయి, పగటి చూపునిచ్చే కోన్ కణాలు తరువాత. నొప్పి ఉండదు. చికిత్స లేదు.

మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఆమెను అడిగాను. జవాబు ఆమె చెబుతుండగా మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. రాణి మెడలో మువ్వ ఉండేది. రాణి లేస్తే చిన్నా లేచేవాడు. రాణి పెరట్లోకి వెళితే వెనకే, దాని తుంటికి భుజం ఆనించి వెళ్ళేవాడు. "ఏడాదిగా మరీ అతుక్కుని తిరుగుతున్నాడు, ఎంత ప్రేమో అనుకునేదాన్ని" అన్నారు. ఆ ఏడాదంతా రాణి వాడికి ముందు నడిచే కన్ను. మిగిలింది ఇంటి పటం. ఏ వస్తువు ఎక్కడుందో వాడు కంఠస్థం చేసుకున్నాడు. రాణి పోయిన వారంలోనే ఆమె ఆ పటాన్ని చెరిపేశారు. మిగిలిన గీతలు నా సలహాతో చెరిగిపోయాయి.

అలక ఎందుకు కాదు

గుర్రుమనడం, తప్పుకోవడం, పంటి గాటు, అన్నీ ఒక్కసారిగా వేరే వరుసలో నిలబడ్డాయి. ఆమె ఏ వైపు నుంచి వచ్చినప్పుడు గుర్రుమన్నాడు? పక్క నుంచి, సాయంత్రం. కరిచింది ఎప్పుడు? నిద్రలో, మాట లేకుండా తాకినప్పుడు. పిలిస్తే ఆలస్యంగా వచ్చింది దారి వెతుక్కోవడానికి. రాత్రి పెరట్లోకి వెళ్ళనిది అక్కడ వాడికి కటిక చీకటి కాబట్టి.

అలక అనే భావన మన దగ్గర ఎంత పెద్ద నిర్మాణమో ఆమెకు చెప్పాను. అలగాలంటే ఎదుటివాళ్ళు ఒక పని చేశారని తెలియాలి, అది అన్యాయమని అనుకోవాలి, వాళ్ళు తలచుకుంటే మరోలా చేయగలిగేవారని ఊహించాలి, తన దూరం వాళ్ళకు నొప్పి కలిగిస్తుందనీ, వాళ్ళు వచ్చి బతిమాలుతారనీ లెక్క ఉండాలి. రాణి మరణాన్ని చిన్నా చూడనే లేదు. వైద్యశాలలో ఆమె సంతకం పెట్టడం వాడి ప్రపంచంలో జరగలేదు. అపరాధ భావం ఆమెది. అది చిన్నా ముఖంలో ఆమెకు కనిపించింది.

ఇది ఆమె ఒక్కరి పొరపాటు కాదు. కుక్కల మనసును అధ్యయనం చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో చేసిన ప్రయోగం ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. తినవద్దన్న తినుబండారాన్ని కుక్క ముందు ఉంచి మనిషి బయటికి వెళతారు. తిరిగి వచ్చాక కుక్క తిన్నదనో తినలేదనో వాళ్ళకు చెబుతారు, కొన్నిసార్లు అబద్ధం చెబుతారు. తప్పు చేసినట్టు తల దించుకోవడం, చూపు తిప్పుకోవడం కుక్క నిజంగా తిన్నదా లేదా అన్న దానితో ముడిపడలేదు. మనిషి కోప్పడ్డారా లేదా అన్న దానితో ముడిపడింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలు కూడా అలాగే చూశాయి. ఆ చూపు వెనుక భావం లేదని నేను అనను. భావం ఉంది, అది భయానికీ శాంతింపజేయడానికీ దగ్గరిది. మనం దానికి పెట్టిన పేరు తప్పు. పేరు తప్పితే చేసే పనీ తప్పుతుంది. చిన్నా విషయంలో అది ఇల్లు మారిపోవడం దాకా వచ్చింది.

ఇక్కడితో ఆగిపోతే ఈ కేసు ఒక మామూలు పాఠం అయ్యేది: దుఃఖమని పొరబడ్డాం, అసలు కారణం కళ్ళు. ఆ రాత్రి నేనూ అలాగే అనుకున్నాను. భయం, దారి తెలియకపోవడం, అంతే. దుఃఖమంతా మనం కలిపింది. ఒక తప్పు నుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న తప్పులోకి దూకాను.

చికిత్స, మువ్వ

మందులు మొదలుపెట్టలేదు. ఆందోళనకు కుక్కల్లో వాడే ఫ్లూఆక్సెటీన్ ఆకలిని తగ్గించగలదు. వాడు అప్పటికే కిలోకు పైగా తగ్గాడు. అలాంటిదే మరో మందు క్లోమిప్రమీన్ కంటిపాపలను విప్పారేలా చేయగలదు. మిగిలిన కొద్దిపాటి చూపును దానితో చెడగొట్టదలచుకోలేదు. ముందు వాడి ప్రపంచాన్ని వాడికి తిరిగి ఇవ్వాలనుకున్నాను.

కుర్చీలు, బల్ల పాత చోటికి వెళ్ళాయి. తిండి గిన్నె, నీళ్ళ గిన్నె కదలకుండా ఒకే చోట. మెట్లకు ముందు, పెరటి గుమ్మానికి ముందు గరుకైన పట్టాలు, కాలికి తగలగానే ఎక్కడున్నాడో తెలియడానికి. రాత్రంతా చిన్న దీపం, ఉన్న చూపు ఉన్నన్నాళ్ళు. తాకే ముందు తప్పనిసరిగా మాట. నడక ఒకే దారిలో. ఆమె ఎక్కడ ఉన్నారో వాడికి తెలిసేలా ఒక మువ్వ కట్టుకోమన్నాను.

తిండి నాలుగో రోజు నుంచి పెరిగింది. గుర్రుమనడం మొదటి వారంలోనే ఆగింది. ఇంట్లో మూత్రం పోయడం దాదాపు ఆగింది. ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా మార్పు రావడం నాకు ఆనందాన్నిచ్చింది.

ఎనిమిదో రోజు ఆమె ఫోనులో ఒక వీడియో పంపారు. మువ్వ కట్టుకోమని చెప్పాను కానీ ఏ మువ్వ అన్నది చెప్పలేదు. అప్పటిదాకా కట్టుకోలేదు, ఆ రోజు సొరుగు తెరిచి రాణి మువ్వనే తీసి చెప్పుకు కట్టుకున్నారు.

ఆ వీడియోను నేను చాలాసార్లు చూశాను. ఆమె వంటగదిలోంచి నడిచి వస్తారు. చిన్నా పట్టా మీద పడుకుని ఉన్నాడు. మువ్వ మోగగానే తల లేస్తుంది, ఒక్క ఉదుటున నిలబడతాడు, తోక పైకి లేచి వేగంగా ఊగుతుంది. చప్పుడు వైపు పరుగెత్తి ఆమె కాళ్ళ దగ్గర ఆగుతాడు. చెప్పును, మువ్వను, మళ్ళీ చెప్పును వాసన చూస్తాడు. తోక నెమ్మదిస్తుంది. అక్కడి నుంచి పెరటి గుమ్మానికి వెళ్ళి వాసన చూస్తాడు. ముందు గదికి వచ్చి, ఒకప్పుడు రాణి పడక ఉన్న మూలలో, ఇప్పుడు ఖాళీ నేల మీద, ముక్కు ఆనించి తిరుగుతాడు. మళ్ళీ ఆమె దగ్గరికి. మళ్ళీ మూలకు. తరువాత వాడు మూలగడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాల పాటు పడుకోలేదని, రాత్రి తిండి ముట్టలేదని ఆమె చెప్పారు. మరుసటి రోజు కూడా ఇదే, కాస్త తక్కువగా. మూడో రోజు నేను ఆపించేశాను.

ఇది ప్రయోగంగా అనుకుని చేసింది కాదు. అనుకుని ఉంటే చేసేవాడిని కాదు. అయినా నేను అడగడానికి ధైర్యం చేయని ప్రశ్నకు ఇది జవాబు తెచ్చింది. చిన్నా బాధంతా దారి తెలియని భయమే అయితే, ఏడాది పాటు వాడికి దారి చూపిన చప్పుడు తిరిగి వచ్చినప్పుడు వాడు కుదుటపడాలి. దాని వెనక నడవాలి. అప్పటికి వాడు తింటున్నాడు, నడుస్తున్నాడు, భయం తగ్గింది. ఆ చప్పుడు వాడిని కుదుటపరచలేదు, వెతికించింది. చప్పుడు ఉంది, దానితో రావలసిన వాసన లేదు, దానితో రావలసిన దేహం లేదు.

దీనికి మరో వివరణ లేదా? ఉంది. మువ్వ మోగితే పెరట్లోకి వెళ్ళడమో నడకో ఉంటుందని వాడు నేర్చుకుని ఉండవచ్చు. ఆశించింది జరగకపోతే ఏ జంతువైనా చిరాకుపడుతుంది. అయితే నడకకు వెళ్ళేటప్పుడు తీసే తాడు ముందు తలుపు పక్కన ఉంటుంది, వాడు అటు వెళ్ళనే లేదు. పెరటి తలుపు తెరిచే ఉంది, బయటికి పోలేదు. రెండుసార్లూ తిరిగి వెళ్ళింది రాణి పడుకున్న మూలకు. ఒక్క కుక్క, మూడు రోజులు, ఫోను వీడియో. దీనితో ఏ సిద్ధాంతమూ నిరూపణ కాదు. వైద్యుడిగా నేను ఒక తీర్పుకు రావాలి, వచ్చాను: వాడు రాణి కోసం వెతికాడు.

బెంగ అనే మాట గురించి

ఆమె మొదటి రోజు రెండు మాటలు అన్నారు, బెంగ, అలక. అలక తప్పు. బెంగ సరైనదే, నేను అనుకున్నదానికంటే సరైనది.

దుఃఖం, శోకం అన్నప్పుడు మన మనసులో మరణం గురించిన జ్ఞానం ఉంటుంది. ఇక ఎప్పటికీ రాదని తెలియడం, గడిచిన రోజులను తలచుకోవడం, ఆ మాట మరొకరితో చెప్పుకోవడం, నేను ఇలా చేసి ఉంటే అని కుమిలిపోవడం. బెంగకు ఇవేవీ అక్కర్లేదు. తల్లి ఊరు వెళితే ఏడాది పిల్ల బెంగ పెట్టుకుంటుంది, ఒళ్ళు వెచ్చబడుతుంది, పాలు తాగదు. ఆ పిల్లకు మరణం తెలియదు, ఎప్పటికీ అన్న మాట తెలియదు. ఉండవలసినవారు లేరు, అంతే తెలుసు. దూడ పోయిన ఆవు బెంగ పెట్టుకుందని మనం ఎన్నడూ వెనకాడకుండా అంటాం. ఆ మాట పుట్టిందే మాట రాని ప్రాణుల కోసమా అనిపిస్తుంది నాకు.

మెదడు గురించి తెలిసిన విషయాలు కూడా బెంగకూ దుఃఖానికీ మధ్య ఉన్న ఈ గీతకు దగ్గరగానే ఉన్నాయి. 1872లో చార్లెస్ డార్విన్ మనుషుల, జంతువుల భావ వ్యక్తీకరణల మీద పుస్తకం రాసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది బయటి కదలికల పరిశీలనే. వంద సంవత్సరాల తరువాత మెదడు శాస్త్రవేత్త జాక్ పాంక్సెప్ మెదడు లోపలికి వెళ్ళారు. పాలిచ్చే జంతువులన్నీ పంచుకునే ఏడు భావ వ్యవస్థలను ఆయన వర్ణించారు. వెతుకులాట, భయం, ఆట, సంరక్షణ వంటి వాటితో పాటు అందులో ఒకటి ఎడబాటు వ్యవస్థ. మెదడు లోతుల్లో కొన్ని చోట్ల సన్నని విద్యుత్తు పంపితే గినీ పందులు తల్లి నుంచి విడిపోయినప్పటి కూతలు కూశాయి. నొప్పి తగ్గించే ఓపియాయిడ్ మందు అతి తక్కువ మోతాదులో ఇస్తే, విడిగా ఉన్న పిల్ల జంతువుల ఏడుపు తగ్గింది. ఎడబాటు బాధ శారీరక నొప్పి దారులకు దగ్గరగా నడుస్తుందన్నమాట. ఆ దారులు కుక్కలో ఉన్నాయి, మనిషిలో ఉన్నాయి.

భయం మీద పరిశోధించిన మెదడు శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ దీన్ని అంత తేలికగా ఒప్పుకోరు. ప్రమాదాన్ని గుర్తించి శరీరాన్ని సిద్ధం చేసే వలయాలు వేరు, "నేను భయపడుతున్నాను" అనే ఎరుక వేరు, మొదటిది చూసి రెండోది ఉందని చెప్పలేమని ఆయన వాదన. నేను ఆ వాదనను గౌరవిస్తాను. మొదటి పరీక్షలో నాకు లేనిది సరిగ్గా ఆ జాగ్రత్తే. కానీ వైద్యుడి బల్ల ముందు నిలబడినప్పుడు ఎరుక నిరూపణ అయ్యేదాకా ఆగమంటే ఒప్పుకోలేను. 2012 జులై 7న కేంబ్రిడ్జ్‌లో కొందరు మెదడు శాస్త్రవేత్తలు, ఎరుకకు ఆధారమైన నాడీ నిర్మాణాలు మనిషి ఒక్కడికే ప్రత్యేకం కావని, పాలిచ్చే జంతువులన్నింటిలో, పక్షుల్లో ఉన్నాయని ప్రకటించారు. మాట లేకుండా లోపలి స్థితిని అడిగే పద్ధతులూ వచ్చాయి. జంతు ప్రవర్తన పరిశోధకుడు మైక్ మెండల్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో గిన్నె ఒక పక్క ఉంటే తిండి ఉంటుందని, మరో పక్క ఉంటే ఖాళీ అని కుక్కలకు నేర్పారు. తరువాత గిన్నెను మధ్యలో పెట్టారు. ఒంటరిగా వదిలితే ఎక్కువ అల్లాడిపోయే కుక్కలు ఆ మధ్య గిన్నె వైపు నెమ్మదిగా వెళ్ళాయి, ఖాళీగానే ఉంటుందిలే అన్నట్టు. దిగులుగా ఉన్న మనిషి కూడా తేలని విషయాన్ని చెడ్డగానే ఊహించుకుంటాడు.

మనిషికి ఉన్న "ఇక రాదు" అనే జ్ఞానం కుక్కకు లేకపోతే దాని బాధ తక్కువని చాలామంది అంటారు. ఆ వీడియో చూశాక నేను అలా అనలేను. ఇక రాదని తెలిసినవారికి ఆ తెలియడమే ఏదో ఒక రోజు ఊరట అవుతుంది. చిన్నాకు ప్రతి చప్పుడూ కొత్త ఆశ.

తరువాత

రాణి మువ్వ సొరుగులోకి వెళ్ళింది. వేరే శబ్దం ఉన్న, కాస్త బరువైన గంట తెచ్చి ఆమె చెప్పుకు కట్టుకున్నారు. దాన్ని మొదటి పది రోజులు తిండి పెట్టే ముందు మాత్రమే మోగించమన్నాను, దాని అర్థం కొత్తగా, ఆమెతోనే ముడిపడేలా. మూడో వారానికి వాడు ఆ గంట వెనక ఇల్లంతా తిరుగుతున్నాడు. ఆమె ఉతకకుండా దాచుకున్న రాణి దుప్పటి ఒకటి ఉందని చాలా ఆలస్యంగా, సిగ్గుపడుతూ చెప్పారు. ఇవ్వమన్నాను. మువ్వలాగా అవుతుందేమోనని భయపడ్డాను, కాలేదు. దానిమీద రెండుసార్లు తిరిగి పడుకున్నాడు, ఆ రాత్రి మూలగలేదు. చప్పుడు రాబోయేదాన్ని సూచిస్తుంది, వాసన ఉన్నదాన్ని సూచిస్తుంది అని నేను అనుకుంటున్నాను. అంతకంటే గట్టిగా చెప్పలేను.

ఆమె గురించి కూడా ఒక మాట. స్వీడన్‌లో 58 కుక్కల, వాటిని పెంచేవారి వెంట్రుకల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇద్దరి దీర్ఘకాల ఒత్తిడి స్థాయులు కలిసి నడిచాయి. ఆమె కుమిలిపోతున్నంత కాలం ఆ ఇంట్లో చిన్నా ఒక్కడే కుదుటపడతాడని నేను అనుకోలేదు. వాడు అలగలేదని తెలిసిన రోజు ఆమె నా గదిలోనే ఏడ్చారు. ఆపడానికి ప్రయత్నించలేదు. చిన్నా ఆమె మోకాలికి గడ్డం ఆనించాడు. దాని అర్థం ఏమిటని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మూడో నెలకు బరువు 13.8 కిలోలు. ఆరో నెలకు పగటి చూపు కూడా దాదాపు పోయింది. అప్పటికి ఇల్లు వాడికి మళ్ళీ కంఠస్థం కాబట్టి ఆ మార్పు ఇద్దరూ పెద్దగా ఇబ్బంది లేకుండా దాటారు. మందుల అవసరం రాలేదు. తొమ్మిదో నెలలో నేను వాళ్ళింటికి వెళ్ళి చూశాను. చిన్నా గంట వెనక వచ్చాడు, నా చేతులు వాసన చూశాడు, ఒక పాత బంతి తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు.

పొద్దుగూకాక ఆమె పెరటి తలుపు తీశారు. చిన్నా గరుకు పట్టా దాకా సూటిగా వచ్చి, గుమ్మం ముందు ఎడమ పక్కకు జరిగి నిలబడ్డాడు. దారి ఖాళీగా ఉంది, అడ్డమేమీ లేదు. రోజూ ఇంతేనని, రాణి ముందు దాటేదని ఆమె చెప్పారు. లోపల లెక్కపెట్టుకున్నాను. పది దాకా వచ్చాక వాడు గుమ్మం దాటాడు. కేసు పత్రంలో భావోద్వేగ స్థితి అనే గడిలో ఆ రోజు ఇలా రాశాను: "పెరటి గుమ్మం దగ్గర ఎడమ పక్కన ఆగుతున్నాడు, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు."